వేగంగా ఉన్నది వచ్చేసింది, నిదానంగా ఉన్నది రావట్లేదు: పియానోలో అసలు కష్టం ఎక్కడుంది?

తొలిస్వరం
అందరికీ నమస్కారం. పెద్దయ్యాక పియానో మొదలుపెట్టినవాణ్ణి. బుర్గ్‌ముల్లర్ ఓపస్ (రచన సంఖ్య) 100లోని ‘అరబెస్క్’ ఇప్పుడు పూర్తి వేగంతో వాయించగలుగుతున్నాను. విన్నవాళ్లంతా అది చాలా కష్టమైనదనుకుంటున్నారు. ఆ తర్వాత మా టీచర్ షూమన్ రాసిన ‘ట్రాయ్‌మెరాయ్’ ఇచ్చారు. చూడటానికి చిన్నది, పరుగులు లేవు, దూకుళ్లు లేవు. నోట్స్ అన్నీ వచ్చేశాయి కూడా. కానీ రికార్డు చేసుకుని వింటే ఒక్కో మెట్టూ విడివిడిగా నొక్కినట్టుంది తప్ప పాటలా లేదు.

నా సందేహం ఇదీ. ఒక రచన కష్టమైనదని దేన్ని బట్టి చెప్తారు? వేగమా, నోట్స్ సంఖ్యా, షార్పులూ ఫ్లాట్లూ (స్వరాన్ని కాస్త పెంచే, తగ్గించే గుర్తులు) ఎక్కువ ఉండటమా? తర్వాత ఏం నేర్చుకోవాలో ఎంచుకోవడానికి ఇది తెలియడం అవసరమనిపిస్తోంది.

ఎడమచేయి
మంచి ప్రశ్న వేశారు. ముందు వేగం సంగతి చూద్దాం.

అరబెస్క్‌లో ఆ పరుగులు ఒకసారి గమనించండి. చిన్న చిన్న గుంపులు, పక్కపక్క మెట్లు, ప్రతి గుంపూ ఐదు వేళ్ల కిందే ఇమిడిపోతుంది. చెయ్యి ఒకచోట ఉంటుంది, వేళ్లు వరసగా పడతాయి, తర్వాత చెయ్యి మొత్తం జరుగుతుంది. అంటే మెదడు ఇచ్చే ఆజ్ఞ గుంపుకి ఒక్కటే. వినేవాళ్లకి బోలెడు నోట్స్ వినిపిస్తాయి గానీ వాయించేవాళ్లు చేసే పని తక్కువ. చేతికి ఇమిడే వేగం నిజంగా కష్టం కాదు.

దీనికి పూర్తి వ్యతిరేకం షోపాన్ ఓపస్ 10లో 2వ ఎట్యూడ్ (సాధన కోసం రాసిన రచన). అందులో కుడిచెయ్యి క్రొమాటిక్ స్కేలు (తెల్లవీ నల్లవీ ఏ మెట్టూ వదలకుండా వరసగా) వాయిస్తుంది. మామూలుగా ఆ స్కేలుని బొటనవేలూ మధ్యవేలూ ఆసరాగా లాగించేస్తాం. షోపాన్ ఇక్కడ బొటనవేలికీ చూపుడువేలికీ వేరే పని పెట్టాడు, ప్రతి బీటు మొదట్లో కార్డ్ (కలిపి మోగించే నోట్స్ గుంపు) నోట్స్ అవి కొట్టాలి. దాంతో స్కేలు మొత్తం మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలి మీదే పడుతుంది. వాటిలో ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ పోవాలి. ఉంగరపువేలిని పైకెత్తే స్నాయువు పక్క వేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది, అందుకే దాన్ని ఒంటరిగా ఎత్తడం ఎవరికైనా ఇబ్బందే. సరిగ్గా ఆ వేలి మీదే భారం వేశాడు. పైగా అదంతా మెత్తగా వినిపించాలి. ఒకే చేతిలో సగం ఒక పని, సగం ఇంకో పని. నా దృష్టిలో కష్టమంటే ఇదీ.

నల్లమెట్లు
షార్పులూ ఫ్లాట్ల గురించి నేను చెప్తాను. కాగితం మీద కష్టం వేరు, చేతికి కష్టం వేరు. ఈ రెంటినీ కలిపేసి చాలామంది మంచి రచనలకి దూరంగా ఉండిపోతారు.

షోపాన్ తన శిష్యులకి మొట్టమొదట సి మేజర్ నేర్పేవాడు కాదు, బి మేజర్ నేర్పేవాడు. ఐదు షార్పులున్న స్కేలు! కారణం చెయ్యే చెప్తుంది. కుడిచేతి బొటనవేలిని ఇ మీద పెట్టి, మూడు పొడవాటి వేళ్లని ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్ మీద పెట్టి, చిటికెనవేలిని బి మీదకి వదలండి. పొడవాటి వేళ్లు ఎత్తుగా ఉన్న నల్ల మెట్ల మీద, పొట్టివి తెల్ల మెట్ల మీద. చెయ్యి ఏమాత్రం బిగుసుకోదు. సి మేజర్‌లో అన్నీ ఒకే మట్టంలో ఉంటాయి, బొటనవేలు కిందనుంచి దాటేటప్పుడు చేతికి ఏ ఆసరా దొరకదు. అందుకే చదవడానికి అన్నిటికన్నా సులువైన ఆ స్కేలుని ఆయన వాయించడానికి అన్నిటికన్నా కష్టమైనదిగా చూశాడు.

డెబ్యుస్సీ ‘క్లేర్ ద లూన్’లో ఐదు ఫ్లాట్లు చూసి భయపడేవాళ్లు ఎందరో. మొదటి వారం చదవడానికే సరిపోతుంది, నిజమే. చదవడం అయిపోయాక అక్కడ చెయ్యి చాలా హాయిగా కూర్చుంటుంది.

గంటకొట్టు
అందరూ మర్యాదగా మాట్లాడుతున్నారు గానీ నేను కాస్త విభేదిస్తాను. ‘నిదానంగా ఉన్నవే నిజంగా కష్టం’ అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ మోజార్ట్ సొనాటా కె. 545 రెండో భాగం నోట్స్‌ని రెండేళ్లు నేర్చుకున్న ఎవరైనా మొదట్నుంచి చివరిదాకా వాయించగలరు. బాగా వాయిస్తారా లేదా అన్నది తర్వాత. లిస్ట్ ‘లా కంపనెల్లా’ని అలా వాయించగలరా? కుడిచెయ్యి రెండు ఆక్టేవ్‌ల (ఒక్కోటి ఒక స్వరం నుంచి పైన అదే స్వరం దాకా ఉండే దూరం) దాకా ఎగిరి, ఒక్క మెట్టు మీద తప్పకుండా దిగి, మళ్లీ వెనక్కి రావాలి. చూసుకునే వ్యవధి ఉండదు.

రవెల్ సంగతి కూడా అంతే. బలాకిరెవ్ 1869లో రాసిన ‘ఇస్లామే’ కన్నా కష్టమైనది రాయాలని అనుకుని మరీ 1908లో ‘గాస్పార్ ద లా న్వీ’లో చివరి భాగం ‘స్కార్బో’ రాశాడు. మొదట్లోనే ఒకే మెట్టుని దడదడా, అదీ వణుకుతున్నట్టు, మెల్లని శబ్దంతో కొట్టాలి. స్వరకర్తలే కష్టమంటే చేతి కష్టమని లెక్కేసుకున్నారు కదా! రాని పని కష్టమైన పని. వచ్చి, బాగా రాని పనిని కష్టమనడం నాకు సరిగ్గా అనిపించదు.

నిదానమే
గంటకొట్టు గారూ, మీరు మోజార్ట్ పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. 1788లో ఆ సొనాటాని మోజార్ట్ తన సొంత జాబితాలో ‘కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం’ అని రాసుకున్నాడు, అదీ నిజమే. కానీ రెండో భాగంలో ఎడమచెయ్యి దాదాపు మొదట్నుంచి చివరిదాకా ఆల్బెర్టీ బాస్ (కార్డ్‌లోని నోట్స్‌ని ఒక్కొక్కటిగా మళ్లీ మళ్లీ వాయించే వరస) తిప్పుతూనే ఉంటుంది. బొటనవేలు సహజంగా బరువైనది. అది పదే పదే ఒకే నోటు మీద పడుతుంటే, మనం ఆపకపోతే ఆ నోటే అన్నిటికన్నా గట్టిగా మోగుతుంది. పైన పాట మునిగిపోతుంది. దాన్ని తేలికగా ఉంచడానికి చేసే పని కూడా చేతి పనేనండీ. కండరాల పనే. స్కార్బోలో మెట్టుని కొట్టడం ఎంత భౌతికమో, ఇక్కడ బొటనవేలిని కొట్టనివ్వకపోవడం అంతే భౌతికం.

మోజార్ట్‌లో ఇంకొకటి. నోట్స్ తక్కువ. పదహారు నోట్స్‌లో ఒకటి బరువుగా పడితే ఎవరూ పట్టించుకోరు. నాలుగింట్లో ఒకటి పడితే అందరికీ తెలుస్తుంది.

అయిదు గొంతులు
బాహ్ గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను.

‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి పుస్తకం (1722)లో సి షార్ప్ మైనర్ ఫ్యూగ్ (ఒకే పాట ఒక్కో గొంతులో వంతులవారీగా వచ్చే రచన) ఐదు గొంతులది, అంటే ఐదు పాటలు ఒకేసారి నడుస్తాయి. రెండు చేతులు, ఐదు గొంతులు. అంటే ఎప్పుడూ ఏదో ఒక చెయ్యి రెండు మూడు పాటల్ని ఒకేసారి మోస్తుంటుంది. చిటికెనవేలు పై గొంతులో ఒక నోటుని పట్టుకుని ఉండాలి, అదే చేతి బొటనవేలూ చూపుడువేలూ లోపలి గొంతుని నడిపించాలి. పట్టుకున్న నోటు వదిలేస్తే ఆ గొంతు మధ్యలో తెగిపోతుంది. కొన్నిచోట్ల మెట్టు వదలకుండానే వేలు మార్చాలి, నొక్కి ఉన్న మెట్టు మీద నాలుగో వేలు తీసి ఐదో వేలు పెట్టడం లాంటివి. వేగమేమీ ఉండదు. అయినా ఫింగరింగ్ (ఏ నోటుకి ఏ వేలో) పక్కాగా రాసుకోకపోతే రెండో పేజీలోనే చెయ్యి ముడిపడిపోతుంది.

కాగితం చూడకుండా వాయించడం మరో పెద్ద పరీక్ష. మామూలు రచనల్లో పాట మర్చిపోయినా చేతి అలవాటు కొంతదూరం లాక్కెళ్తుంది. ఫ్యూగ్‌లో అదే విషయం ఒకసారి పై గొంతులో, ఒకసారి మధ్యలో, ఒకసారి బాస్‌లో వస్తుంది. ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది, వేళ్లు మాత్రం వేరు. చేతిని నమ్ముకుంటే ఎక్కడో ఒకచోట తప్పుదారి పడుతుంది, ఇక అక్కడినుంచి తిరిగి రావడం ఉండదు. నాకు తెలిసిన మందు ఒక్కటే: ఒక గొంతుని పాడుతూ మిగతావి వాయించడం. లోపలి గొంతుని పాడగలిగిన రోజు ఆ ఫ్యూగ్ నిజంగా వచ్చినట్టు.

చిన్నచెయ్యి
మీరంతా ‘చెయ్యి’ అంటున్నారు. ఎవరి చెయ్యి?

నేటి పియానో మీద ఒక ఆక్టేవ్ వెడల్పు దాదాపు 16.5 సెంటీమీటర్లు. నాకు ఆక్టేవ్ అందుతుంది, కానీ అందుకునేసరికి చెయ్యి పూర్తిగా సాగిపోతుంది. ఆ స్థితిలో లోపలి నోట్స్ కూడా కొట్టాలంటే మణికట్టు బిగుసుకుంటుంది. తొమ్మిదో నోటు అందేవాళ్లకి అదే పేజీ సాదాసీదా కార్డ్‌ల పేజీ. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే కాగితం, కష్టం మాత్రం ఒకటి కాదు. రాఖ్మనినోవ్ రెండో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన, 1901) మొదటి కార్డ్‌లనే తీసుకోండి. ఆయన చేతులు అసాధారణంగా పెద్దవి, ఆయనకి అవి అలవోకగా అందేవి. పేరున్న పియానిస్టులు ఎందరో వాటిని విడగొట్టి కిందినుంచి పైకి వాయిస్తారు.

జోసెఫ్ హాఫ్‌మన్ తన కాలంలో అందరూ మెచ్చిన పియానిస్టు. చేతులు చిన్నవి. స్టైన్‌వే వాళ్లు ఆయన కోసం మెట్లు కాస్త సన్నగా ఉండే పియానో చేసిచ్చారు. రాఖ్మనినోవ్ తన మూడో కన్సర్టో (1909)ని ఆయనకే అంకితమిచ్చాడు, ఆయన మాత్రం దాన్ని ఎప్పుడూ వేదిక మీద వాయించలేదు. ఇప్పుడు ఆక్టేవ్ సుమారు 14 సెంటీమీటర్లే ఉండే కీబోర్డులు కూడా తయారవుతున్నాయి. అవి అందరికీ అందుబాటులో ఉంటే కష్టమైన రచనల జాబితా సగం మారిపోతుందని నా గట్టి నమ్మకం. హెన్లే ప్రచురణ సంస్థ ప్రతి రచనకీ 1 నుంచి 9 దాకా కష్టం అంకె ఇస్తుంది, ఎంచుకోవడానికి అది బాగా పనికొస్తుంది. ఆ అంకెకి మీ చెయ్యి తెలియదు, అంతే.

పాత పియానో
చిన్నచెయ్యి గారు చేతి గురించి చెప్పారు, నేను వాద్యం గురించి కలుపుతాను. చాలా రచనలు రాసినప్పుడు ఇంత కష్టం కాదు. వాద్యం మారాక కష్టమయ్యాయి.

బీథోవెన్ ‘వాల్డ్‌స్టైన్’ సొనాటా చివర్లో ఆక్టేవ్ గ్లిసాండోలుంటాయి. బొటనవేలూ చిటికెనవేలూ చాపి మెట్ల మీద జారిపోవాలి, అదీ పియానిస్సిమోలో, అంటే చాలా మెల్లని శబ్దంతో. ఆ రోజుల్లో వియన్నా పియానోల మెట్లు తేలిక, తక్కువ లోతుకే దిగేవి. నేటి గ్రాండ్ పియానో మెట్టు దాదాపు 10 మిల్లీమీటర్లు దిగుతుంది, దాని బరువూ ఎక్కువే. జారుదామంటే వేళ్లు మెట్ల మధ్య ఇరుక్కుంటాయి. అందుకే చాలామంది రెండు చేతులూ పంచుకుని స్కేళ్లలా వాయిస్తారు.

బాహ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ (1741) కూడా అంతే. అది రెండు వరసల మెట్లున్న హార్ప్‌సికార్డ్ కోసం రాసింది. ఒక చెయ్యి పై వరస మీద, ఒకటి కింది వరస మీద ఉంటే అడ్డం రావు. ఒకే వరసున్న పియానో మీద అవే వేరియేషన్లు వాయిస్తే రెండు చేతులూ ఒకే మెట్టు కోసం పోటీ పడతాయి.

ఇక తిరగేసిన ఉదాహరణ. 1821లో ఎరార్ పియానో కంపెనీ డబుల్ ఎస్కేప్‌మెంట్ అనే ఏర్పాటు తెచ్చింది. దాంతో మెట్టు పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టొచ్చు. గంటకొట్టు గారు చెప్పిన స్కార్బోలో ఆ దడదడ దాని వల్లే సాధ్యం. ఇప్పటికీ మామూలు నిలువు పియానోల్లో ఆ ఏర్పాటు ఉండదు. నిలువు పియానో మీద ఒకే మెట్టుని వెంటవెంటనే కొట్టడం రావట్లేదని చేతిని తిట్టుకునేవాళ్లు ఒకసారి గ్రాండ్ మీద ప్రయత్నించి చూడండి.

లయకారి
నాది చిన్న విషయం. రెండు చేతుల్లో రెండు లెక్కలు.

షోపాన్ ‘ఫాంటసీ ఇంప్రాంప్టు’లో కుడిచేతికి నాలుగు పడేచోట ఎడమచేతికి మూడు పడతాయి. విచిత్రమేంటంటే దాన్ని నిదానంగా వాయిస్తేనే ఎక్కువ కష్టం. నిదానంగా ఉంటే ప్రతి నోటూ ఎక్కడ పడాలో లెక్కపెట్టాల్సి వస్తుంది, లెక్కపెడితే చెయ్యి ఆగిపోతుంది. ఒక్కో చెయ్యి విడిగా పూర్తి వేగంలో వచ్చేసి, రెండూ బీటు మొదట్లో మాత్రం కలుసుకునేలా వదిలేస్తే మధ్యలోవి వాటంతటవే సర్దుకుంటాయి.

నిదానంగా వాయించేవాటిలో ఆ సౌకర్యం లేదు. బీథోవెన్ ‘మూన్‌లైట్’ మొదటి భాగం అందరూ మొదలుపెడతారు. కింద మూళ్లు (మూడేసి నోట్స్ గుంపులు) తిరుగుతుంటాయి, పైన జి షార్ప్ చుక్కపెట్టిన లయలో (ఒక పొడుగు, ఒక పొట్టి) వస్తుంది. ఆ పొట్టి జి షార్ప్ మూడో నోటుతో కలిసి పడకూడదు, దాని తర్వాత ఒక్క లిప్త ఆలస్యంగా పడాలి. ఎక్కువమంది కలిపేస్తారు. పాటలో ఉన్న బరువంతా ఆ లిప్తలోనే ఉంది. పైగా ఆ జి షార్ప్ కొట్టేది చిటికెనవేలు, అదే చెయ్యి మూళ్లు కూడా తిప్పుతోంది.

ఇంకా ముందుకెళ్తే లిగెటి 1985 నాటి మొదటి ఎట్యూడ్ ‘డెసోర్డ్ర్’ ఉంది. కుడిచెయ్యి తెల్ల మెట్ల మీదే, ఎడమచెయ్యి నల్ల మెట్ల మీదే. రెండూ కలిసి మొదలై, ఒక చేతిలో ఒత్తి కొట్టే నోటు ముందుకి జరిగి జరిగి రెంటికీ పొంతన లేకుండా పోతుంది. అది విన్నాక చేతి కష్టం, మెదడు కష్టం అని విడదీయడం నావల్ల కావట్లేదు.

గంటకొట్టు
నిదానమే గారూ, బొటనవేలిని ఆపడం కూడా భౌతికమే అన్న మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఓర్పు గురించి ఎవరూ అనలేదు. షూబర్ట్ ‘ఎర్ల్‌కోనిగ్’ (1815) పాటకి పియానో సహకారం చూడండి. కుడిచెయ్యి దాదాపు పాటంతా ఆక్టేవ్‌లని మూళ్లుగా కొడుతూనే ఉంటుంది. ఏ ఒక్క బారూ (తాళంలో ఒక ఆవర్తం లాంటిది) కష్టం కాదు. పది బార్లు ఎవరైనా కొడతారు. ఆ తర్వాత ముంజెయ్యి మండుతుంది. షూబర్టే తర్వాత మూళ్ల బదులు రెళ్లతో సులువు చేసిన ఒక రూపం రాశాడు. నోట్స్ చూసి కష్టం లెక్కేసేవాళ్లకి ఇది కనిపించదు.

నిదానమే
నిజం. ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ముంజేతిలో అలసట వేరు, నొప్పి వేరు. వేళ్లని నడిపించే ప్రధాన కండరాలు ముంజేతిలోనే ఉంటాయి కాబట్టి అలసట అక్కడే తెలుస్తుంది, చెయ్యి వదులుగా ఉంచితే కాసేపట్లో తగ్గిపోతుంది. నొప్పి, తిమ్మిరి, వేలు మాట వినకపోవడం వస్తే ఆపేయాలి. స్క్రియాబిన్ యువకుడిగా ఉన్నప్పుడు లిస్ట్ రచనల్నీ, ఇదే ‘ఇస్లామే’నీ విపరీతంగా సాధన చేసి కుడిచెయ్యి పాడుచేసుకున్నాడు. షూమన్ పియానిస్టు అవుదామనుకుని కుడిచేతి వేలు దెబ్బతిని ఆ ఆశే వదులుకున్నాడు. టెన్షన్‌తో బిగుసుకున్న చేతితో గంటలకొద్దీ కూర్చోవడం సాధన కాదండీ, దయచేసి ఎవరూ చేయకండి.

తొలిస్వరం
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. లిస్ట్, రవెల్ నాకు చాలా దూరం గానీ మీరు చెప్పిన బొటనవేలి సంగతి, ఐదో వేలి సంగతి వెంటనే పనికొచ్చాయి. ఇప్పుడు నా ట్రాయ్‌మెరాయ్‌కి వస్తే, మొదటి పొడవాటి ఎఫ్ దగ్గరే నాకు సమస్య. దాన్ని పట్టుకుని ఉంటాను, తర్వాత ఇ, ఎఫ్, ఎ, సి అంటూ పైకి ఎక్కాలి. ఎక్కడం మొదలుపెట్టగానే కొత్త పాట మొదలైనట్టుంటుంది. ఎంత లెగాటోగా (తెగకుండా కలిపి) వాయించినా అంతే. ఎందుకు?

ఎడమచేయి
ఇది అసలైన ప్రశ్న. పియానోలో నోటు కొట్టిన క్షణం నుంచే తగ్గిపోవడం మొదలవుతుంది. వయొలిన్ వాయించేవాళ్లు పొడవాటి నోటుని మధ్యలో పెంచగలరు, మనం పెంచలేం. మీ ఎఫ్ కొట్టినప్పుడు ఎంత గట్టిగా ఉందో, ఇ వచ్చేసరికి అందులో కొంతే మిగిలి ఉంటుంది. మీరు ఇ ని మొదటి ఎఫ్ అంత గట్టిగా కొడుతున్నారు. అందుకే అది కొత్త పాటలా వినిపిస్తోంది. మిగిలి ఉన్న ఎఫ్ ఎంత మెల్లగా వినబడుతోందో అంతే మెల్లగా ఇ పడాలి. అక్కడినుంచి పై ఎఫ్ దాకా కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్లాలి. వేళ్లని కలపడం సగం పనే, మిగతా సగం ఈ శబ్దపు మట్టాన్ని కలపడం.

ఇలా చేసి చూడండి. పై పాటని ఒక్కటే, పెడల్ లేకుండా వాయించండి. ఎఫ్ పట్టుకుని అది తగ్గేదాకా వినండి. విన్నాక, ఆ తగ్గిన మట్టంలో ఇ కొట్టండి. గొంతుతో కూడా పాడండి, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూసుకోండి. తర్వాత లోపలి గొంతులు మాత్రమే, మెట్టు దిగీ దిగనట్టు మెల్లగా వాయించండి. కలపడం చివర్లో.

ఆ పాట పైకి ఎక్కిన ప్రతిసారీ ఒకేలా చేయకండి. మొదటిసారి ఎఫ్ దాకా ఎక్కుతుంది, రెండోసారి ఎ దాకా. చివర్లో మళ్లీ ఆ ఎ వచ్చినప్పుడు షూమన్ దాని మీద ఫెర్మాటా (కాస్త ఆగమనే గుర్తు) పెట్టాడు, కింద కార్డ్ కూడా మార్చేశాడు. అన్నిటికన్నా ఎత్తు అదేనని అందరూ గట్టిగా కొడతారు. మెల్లగా కొట్టి చూడండి, ఎంత మారిపోతుందో మీకే తెలుస్తుంది.

గంటకొట్టు
ఎడమచేయి గారూ, ఇంత చెప్పారు కదా, మరి అన్నిటికన్నా కష్టమైనది ఏదంటారు? తప్పించుకోకుండా ఒక్క పేరు చెప్పండి.

ఎడమచేయి
ఒక్కటే అంటే లిస్ట్ ‘ఫూ ఫొలే’. ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్స్‌లో ఐదోది. కుడిచేతిలో జంట నోట్స్ పరిగెడతాయి, జంటకి జంటకి మధ్య దూరం మారుతూనే ఉంటుంది, ఇదంతా గాల్లో తేలినట్టు మెల్లగా ఉండాలి. గట్టిగా వాయించే అనుమతి ఉంటే దాన్ని లాగించేసేవాళ్లు చాలామంది ఉండేవాళ్లు. మీరు చెప్పే చేతి కష్టం, నిదానమే గారు చెప్పే అదుపు, రెండూ ఒకే క్షణంలో కావాలి. బీథోవెన్ ‘హామర్‌క్లావియర్’ సొనాటాలోని ఫ్యూగ్ నా రెండో ఓటు.

ఇంకొక మాట. లిస్ట్ ఆ ఎట్యూడ్‌లని 1830ల్లో ఇంకా కష్టంగా రాశాడు. 1852లో అచ్చయిన రూపంలో చాలాచోట్ల నోట్స్ తగ్గించాడు. అంత గొప్ప పియానిస్టు, తన వేళ్లకి సాధ్యమైనదాన్నే తగ్గించుకున్నాడు. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకుని వినండి, ఈ చర్చ చదివినవాళ్లకి చాలా ఆసక్తిగా ఉంటుంది.

చిన్నచెయ్యి
ఫూ ఫొలే చిన్న చేతులకి అంత అన్యాయం చేయదని కూడా రాయండి! అందులో అడిగేది చురుకుదనం, చాపు కాదు. నా జాబితాలో రాఖ్మనినోవ్ దానికన్నా పైనే ఉంటాడు.

తొలిస్వరం
ఎడమచేయి గారూ, మీరు చెప్పినట్టు పై పాట ఒక్కటే వాయించి చూశాను. ఇ మెల్లగా పడితే నిజంగానే అతుక్కుంటోంది. కానీ లోపలి గొంతులు కలపగానే మళ్లీ పెడల్ వల్ల మసకగా అయిపోతోంది. పెడల్ ఎక్కడ మార్చాలి, ప్రతి బీటుకా?

ఎడమచేయి
బీటుని బట్టి కాదు, కింద కార్డ్ మారినప్పుడు మార్చండి. కొత్త బాస్ కొట్టాక పెడల్ ఎత్తి వెంటనే వెయ్యండి, కొట్టకముందు ఎత్తితే మధ్యలో ఖాళీ వినిపిస్తుంది. పాట మెట్లెక్కే ఆ నోట్స్ దగ్గర సగమే నొక్కి చూడండి. మొదటి నాలుగు బార్లు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి, విని చెప్తాం.